పెళ్లిరోజు ప్యాకేజీ: కూకట్‌పల్లిలో ఒక ప్రైవేట్ థియేటర్ గురించి

మా అమ్మాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈసారి మే నెలలో మా పెళ్లిరోజుకు చీర, చొక్కా పంపే బదులు, కూకట్‌పల్లిలోని ఒక ప్రైవేట్ థియేటర్‌లో ‘కపుల్ ప్యాకేజీ’ని ఆన్‌లైన్‌లో బుక్ చేసి, ఆ వివరాలు మాకు వాట్సాప్‌లో పంపింది. ఇలాంటి చోట్లకు వెళ్లనివారి కోసం ముందుగా అదేమిటో చెబుతాను. కూకట్‌పల్లి, మాదాపూర్, దిల్‌సుఖ్‌నగర్ వంటి ప్రాంతాల్లో వాణిజ్య భవనాల పై అంతస్తుల్లో నాలుగైదు చిన్న గదులు కట్టి, ఒక్కో గదిలో ప్రొజెక్టర్, పెద్ద తెర, సోఫాలు, ఏసీ అమర్చి, వాటిని మూడు గంటల చొప్పున అద్దెకిస్తారు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పెళ్లికి ముందు ప్రేమను తెలియజేయడాలు, సీమంతాలు అన్నీ అక్కడ జరుగుతున్నాయి. మేము వెళ్లిన చోటి పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడి సిబ్బంది మాతో మర్యాదగానే ఉన్నారు. నా అభ్యంతరమంతా ఆ ప్యాకేజీని తయారుచేసిన ఆలోచన మీద, అందులో దంపతుల గురించి ముందుగానే అనుకున్న కొన్ని విషయాల మీద.

మంచితోనే మొదలుపెడతాను. గది శుభ్రంగా ఉంది. సోఫా మెత్తగా, నడుముకు ఆనుకునేలా ఉంది. మోకాళ్ల నొప్పులున్న మా వయసువారు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. తెర మీద బొమ్మ స్పష్టంగా కనిపించింది. ఏసీని మనకు కావలసినంతకు తగ్గించుకునే రిమోట్ మన చేతికే ఇస్తారు. గోడలకు శబ్దం బయటికి పోకుండా మందపాటి గుడ్డ వేశారు కనుక పక్క గదిలో పుట్టినరోజు కేరింతలు మాకు లీలగా మాత్రమే వినిపించాయి. లిఫ్ట్ పనిచేసింది. బండి పెట్టుకోవడానికి సెల్లార్‌లో చోటు దొరికింది. కూకట్‌పల్లిలో సాయంత్రం ఆరు గంటలకు ఇది చిన్న విషయమేమీ కాదు.

ఇక బుకింగ్ సంగతి. మా అమ్మాయి పంపిన స్క్రీన్‌షాట్లను ఇంటికి వచ్చాక నేను ఒక్కొక్కటిగా చూశాను. మొదటి పేజీలో కనిపించే ధర గదికి మాత్రమే. రెండో పేజీలో అలంకరణ తప్పనిసరి అని చేరుతుంది, మూడో పేజీలో కేక్, నాలుగో పేజీలో పొగ మధ్య నుంచి నడిచి రావడం, గులాబీ రేకుల దారి, ఫొటోలు, మెరిసే అక్షరాల్లో పేర్లు, ఇలా ఒక్కొక్కటీ చేరుతూ చివరి పేజీకి వచ్చేసరికి మొత్తం మొదటి ధరకు రెట్టింపు దాటింది. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఫొటోల పేజీలోని రెండు మీటలు. ఒక దాని మీద ‘అవును, ఈ రోజును మరపురానిదిగా చేయండి’ అని, రెండో దాని మీద ‘వద్దు, నా జంటకు జ్ఞాపకాలు అక్కర్లేదు’ అని ఉంది. వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టనంటే తల్లిదండ్రుల మీద ప్రేమ లేదని ఒప్పుకున్నట్టు అనిపించేలా ఆ మాటను రాశారు. సొంత ఊరికి రాలేకపోతున్నానన్న దిగులుతో ఉన్న ఒక ఆడపిల్ల అర్ధరాత్రి ఆ పేజీ ముందు కూర్చున్నప్పుడు ఏ మీట నొక్కుతుందో వాళ్లకు తెలుసు.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆన్‌లైన్‌లో కొనేవారిని మభ్యపెట్టే 13 పద్ధతులను వాటిలో పేర్కొన్నారు. వద్దనేవారిని సిగ్గుపడేలా చేసే కన్ఫర్మ్ షేమింగ్, ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టే డ్రిప్ ప్రైసింగ్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఇలాంటివి ఎదురైతే స్క్రీన్‌షాట్ తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చెప్పవచ్చు. విమాన టికెట్ల విషయంలో, సరుకులు తెచ్చే యాప్‌ల విషయంలో మనం ఈ మాట గట్టిగానే అడుగుతున్నాం. ప్రేమ పేరుతో అమ్మే చోట మాత్రం ధర గురించి మాట్లాడితే మన మనసే చిన్నదవుతుందేమోనని ఊరుకుంటున్నాం. ఈ వ్యాపారాలకు అన్నిటికంటే పెద్ద పెట్టుబడి మన ఆ మొహమాటమే.

తలుపు తీయగానే నేల నుంచి పొగ లేచింది, పాట మొదలైంది, ఎదురుగా నా నడుమంత ఎత్తున్న ఇంగ్లీషు అక్షరాలు ఎర్రగా వెలిగాయి. నేల మీద పరిచిన గులాబీ రేకుల్లో ఒకదాన్ని వంగి తీసి చూస్తే అది గుడ్డతో కత్తిరించిన రేకు. అంచులు పీచులు లేచి, ఒక మూల కేక్ క్రీము ఎండిపోయి అంటుకుని ఉంది. మేము బయటికి వచ్చేటప్పుడు ఒక అబ్బాయి వాటినే చీపురుతో ఊడ్చి, ప్లాస్టిక్ డబ్బాలో నింపి తర్వాతి గదికి తీసుకువెళ్లాడు. పొదుపు నాకు ఇష్టమే, వాడిన వస్తువును మళ్లీ వాడడంలో తప్పేమీ లేదు. కానీ ‘గులాబీ రేకుల దారి’ అని విడిగా డబ్బు తీసుకున్నారు. చేవెళ్ల, మొయినాబాద్ రైతులు పండించిన పూలు ప్రతి తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వస్తాయి, అక్కడ గులాబీలను కిలోల లెక్కన తూచి అమ్ముతారు. అంత దగ్గరలో అన్ని పూలున్న ఊరిలో, పూల పేరు చెప్పి డబ్బు తీసుకున్నవారు గుప్పెడు నిజమైన రేకులు చల్లలేకపోవడానికి కారణం నాకు కనిపించలేదు.

తర్వాత ఫొటోలు. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. మావారికి కొన్నేళ్లుగా ఎడమ చెవి సరిగా వినిపించదు. అప్పటినుంచి ఎక్కడున్నా నేను ఆయనకు కుడివైపే ఉంటాను. బస్సులో, పెళ్లి భోజనాల బల్ల దగ్గర, డాక్టరు గది ముందు బెంచీ మీద, అన్నిచోట్లా అంతే. దీని గురించి మేమెప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు, అలా అలవాటైపోయింది. రోడ్డు మీద నడిచేటప్పుడు మాత్రం ఒక చిక్కు వచ్చేది. ఎడమ అంచున నడిస్తే కుడివైపున్న నేను బండ్ల పక్కకు వస్తాను, అది ఆయనకు ఇష్టముండదు, నన్ను లోపలివైపుకు జరపబోతారు. జరిగితే నా మాట ఆయనకు వినిపించదు. చివరికి ఇద్దరికీ కుదిరే ఉపాయం ఆయనే కనిపెట్టారు. గుమ్మం దిగగానే రోడ్డు దాటి, కుడి అంచునే మార్కెట్ దాకా నడుస్తాం. అప్పుడు నేను ఆయన కుడి చెవి పక్కనా ఉంటాను, బండ్లకు దూరంగానూ ఉంటాను.

ఫొటోలు తీసే కుర్రవాడు నన్ను ఎడమవైపు నిలబెట్టాడు. ‘ఆంటీ, మీరు ఇటు రండి, లైట్ ఇటువైపు బాగా పడుతుంది’ అన్నాడు. పాట గట్టిగా మోగుతోంది. ‘అంకుల్, ఆంటీ చెయ్యి పట్టుకోండి, ఆంటీ వైపు చూసి నవ్వండి, ఇప్పుడు పైకి చూడండి’ అని అతను చెబుతుంటే మావారికి సగం మాటలు వినిపించక, అతని పెదవుల వైపు చూస్తూ, ఏం చేయమంటున్నాడో పోల్చుకునే ప్రయత్నంలో పడిపోయారు. నేను చెబుదామంటే నేనున్నది వినిపించని చెవి వైపు. ఆ ఫొటోల్లో ఆయన ముఖంలో ఉన్నది ప్రేమ కాదు, చెప్పింది సరిగా చేస్తున్నానా లేదా అన్న కంగారు. కుర్రవాడిని తప్పుపట్టను, అతను నేర్చుకున్న పని అది. రోజుకు ఎన్నో జంటలకు అవే భంగిమలు, అదే వెలుగు, అదే పాట. ఎవరు ఎవరికి ఏ పక్కన ఉండాలో అడిగే గడి ఆ బుకింగ్ ఫారంలో లేదు. ఇంటిపేరు, ఫోన్ నంబరు, కేక్ మీద రాయాల్సిన మాట, ఇవే అడుగుతారు.

అలంకరణ చూపించడం, పొగ, కేక్, ఫొటోలు అన్నీ కలిసి మా మూడు గంటల్లో దాదాపు 40 నిమిషాలు తీసుకున్నాయి. సమయం ముగియడానికి 15 నిమిషాల ముందే తలుపు తడతారు, గది సర్దుకోవాలి కదా అని. సినిమా చివరి భాగం మేము చూడలేకపోయాం. దంపతుల కోసం అమ్మిన సాయంత్రంలో దంపతులకు మిగిలేది రెండు గంటల పైచిలుకు. మిగతాదంతా దంపతులుగా కనిపించడానికి ఖర్చైంది.

ప్రేమ ఇలా కనిపించాలి అని వ్యాపారం నిర్ణయించడం హైదరాబాద్‌తో మొదలైన సంగతి కాదు. 1860ల్లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ క్యాడ్‌బరీ హృదయాకారపు పెట్టెల్లో చాక్లెట్లు అమ్మడం మొదలుపెట్టారు. 1947లో డి బీర్స్ వజ్రాల కంపెనీ కోసం అమెరికాలో ఫ్రాన్సెస్ గెరెటీ అనే ప్రకటనల రచయిత్రి వజ్రం శాశ్వతమని చెప్పే నినాదం రాశారు, నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం ఉండి తీరాలన్న భావన బలపడడంలో ఆ ప్రకటనల పాత్ర చాలా పెద్దది. జపాన్‌లో ఫిబ్రవరి 14న ఆడవాళ్లు మగవాళ్లకు చాక్లెట్లిచ్చే అలవాటు స్థిరపడిన తర్వాత, 1978 ప్రాంతంలో అక్కడి మిఠాయి పరిశ్రమ మార్చి 14ను వైట్ డేగా ముందుకు తెచ్చింది, అందుకున్న మగవాళ్లు తిరిగి కానుక ఇవ్వవలసిన రోజుగా. ఈ మూడింటిలోనూ నాకు కనిపించే క్రమం ఒకటే. ముందు ఒక వస్తువు వస్తుంది, తర్వాత అది మర్యాద అవుతుంది, ఆ తర్వాత అది ఇవ్వనివారి మనసు మీదే అనుమానం పుడుతుంది. మన దగ్గర అక్షయ తృతీయ నాడు గ్రాము బంగారమైనా కొనకపోతే ఇంటి మగవాడికి కలిగే చిన్నతనం కూడా ఇంచుమించు ఇలాంటిదే.

డబ్బు పెట్టి కొన్నదంతా అబద్ధమని నేను అనడం లేదు. మల్లెపూలూ కొనేవే. ఎండాకాలం సాయంత్రాల్లో మావారు మా వీధి చివర బండి దగ్గర మూర పూలు తెస్తారు. మరువం వాసనకు నాకు తలనొప్పి వస్తుందని, మరువం కలపని మాల కావాలని అడిగి, అది లేకపోతే విడిపూలు పొట్లం కట్టించుకుని వస్తారు. రాత్రికి విచ్చుకునేలా ఇంకా మొగ్గగా ఉన్నవి ఏరుకుంటారు. పూలమ్మే ఆమె కూడా వ్యాపారమే చేస్తోంది, ధర తగ్గించదు, వైశాఖంలో పెళ్లిళ్ల రోజుల్లో రెట్టింపు చెబుతుంది. అయినా ఆ అమ్మకంలో కొనేవాడికి తెలిసినదానికి చోటుంది. నా తలనొప్పి సంగతి ఆయనకు తెలుసు, ఆయన అడిగితే ఆమె మరువం తీసేసి కడుతుంది. థియేటర్ ప్యాకేజీలో అలా తీసేయడానికి, చేర్చడానికి వీలు లేదు. ఏం కావాలో ముందే వాళ్లు నిర్ణయించారు, మన దగ్గర తీసుకునేది డబ్బు, పేర్లు మాత్రమే.

ఇంతా చెప్పి, ఈ చోట్ల వల్ల ఒక మేలు ఉందని కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఫొటోల వాళ్లు వెళ్లిపోయి తలుపు మూసుకున్నాక, నేను లేచి మావారికి కుడివైపుకు మారి కూర్చున్నాను. పెళ్లైన కొత్తలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూసిన సినిమా పెట్టించుకున్నాం. మావారికి మాటలు సరిగా వినిపించవని చెప్పగానే అక్కడి అబ్బాయి అడగకుండానే తెర మీద సబ్‌టైటిల్స్ పెట్టాడు, పెద్ద అక్షరాల్లోకి కూడా మార్చాడు. ఆ రోజు అక్కడ అందిన సేవలన్నిటిలో నాకు విలువైనదిగా అనిపించింది ఇదే, దీనికి వాళ్లు డబ్బు తీసుకోలేదు. ఇంట్లో అత్తగారికి వేళకు మందులు, గంటకోసారి మోగే గుమ్మం గంట, పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్, వీటి మధ్య రెండు గంటలు ఎవరూ పిలవకుండా ఇద్దరమే కూర్చోవడం మాకు ఎప్పుడో గానీ దొరకదు.

ఇద్దరు మనుషులు తలుపు వేసుకుని మాట్లాడుకోవడానికి ఈ నగరంలో చోటు తక్కువ. ఉమ్మడి కుటుంబాల్లో ఉన్న కొత్త దంపతులకు, హాస్టళ్లలో ఉండే ఉద్యోగులకు ఇంకా తక్కువ. 2021 ఆగస్టులో ఇందిరా పార్క్ గేటు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానర్ కట్టి, నిరసన వచ్చాక తీసేశారు. చెట్ల కింద బెంచీ మీద కూర్చోవడానికే అడ్డుచెప్పే ఊరిలో, గంటల లెక్కన ఏకాంతం అమ్మేవారు పుట్టుకురావడంలో ఆశ్చర్యమేముంది? నిజానికి వీళ్ల దగ్గర అమ్మడానికి విలువైన సరుకు ఆ మూసిన తలుపే. దాన్నే అందంగా, నిజాయితీగా అమ్మవచ్చు. దాని మీద పొగ, అక్షరాలు, బుడగలు, కెమెరా పేర్చి, ఏకాంతం కోసం వచ్చినవారి సాయంత్రాన్ని ప్రదర్శనగా మార్చడమే నాకు నచ్చలేదు.

ఏకాంతం మాట వచ్చింది కనుక రెండు జాగ్రత్తలు. గదిలో సీసీ కెమెరా ఉంది. భద్రత కోసమని చిన్న కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించారు, లోపలికి వచ్చి తలుపు మూస్తే తప్ప అది కనిపించదు. బుకింగ్ సమయంలోనే ఈ సంగతి పెద్ద అక్షరాల్లో చెప్పాలి, రికార్డు ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరు చూస్తారో కూడా చెప్పాలి. ఇద్దరి ఆధార్ ప్రతులూ వాట్సాప్‌లో పంపమన్నారు. మేము చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపితే ఒప్పుకున్నారు, దాన్ని ఆధార్ సంస్థ వెబ్‌సైట్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. సినిమా కోసం మన ఓటీటీ ఖాతాతోనే లాగిన్ కావాలి, వచ్చేటప్పుడు లాగౌట్ చేయడం మరిచిపోకూడదు.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యమైనది. మూడు రోజుల తర్వాత మా మేనకోడలు ఫోన్ చేసి, ‘అత్తా, ఇన్‌స్టాగ్రామ్‌లో మీ ఫొటో చూశాను’ అంది. కేక్ తినిపించుకుంటున్న మా ఫొటోను, పాట జోడించి, ముసలితనంలోనూ ప్రేమ అనే అర్థం వచ్చే శీర్షికతో ఆ థియేటర్ తమ ప్రచారానికి పెట్టుకుంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మావారు ఫోన్ చేసి మర్యాదగానే చెప్పారు, ఆ సాయంత్రానికి తీసేశారు. షరతుల్లో ఆ విషయం ఉందని వాళ్ల సమాధానం. ఎవరూ చదవని షరతుల్లో ఒక వాక్యం ఉంచి, భార్యాభర్తల మధ్య క్షణాన్ని ప్రకటనగా వాడుకోవడం తగని పని. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతి అనేది స్పష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలనే చెబుతోంది. ఫొటోలు తీసే ముందే ‘మీ పేజీలో పెట్టవద్దు’ అని చెప్పి, ఆ మాట వాట్సాప్‌లో రాసి పంపడం మంచిది.

తిండి గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఆలూ వేపుడు ముక్కలు చల్లారి వచ్చాయి, కేక్ తీపి ఎక్కువైనా తాజాగా ఉంది. బయటి తిండి తేనివ్వరు, షుగర్ ఉన్నవారు ఏదైనా తిని వెళ్లాలి. గదికి ఒకటే తలుపు, అంతస్తుకు ఒకటే మెట్లదారి ఉన్నాయి. గోడలకు గుడ్డ, నేల మీద తీగలు ఉన్నచోట రెండో దారి లేకపోవడం నాకు భయం కలిగించింది. బుక్ చేసేవారు అత్యవసర ద్వారం ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

మా అమ్మాయి మాట చెప్పకపోతే ఈ సమీక్ష న్యాయంగా ఉండదు. ఆ రోజు కేక్ ముందు కూర్చోగానే తను వీడియో కాల్ చేసింది. అక్కడ తెల్లవారి ఏడున్నర, ఆఫీసుకు బయల్దేరే హడావిడి. అక్షరాలూ బుడగలూ చూపించబోతే, ‘అవి తర్వాత చూస్తాలే అమ్మా, కెమెరా నాన్న వైపు తిప్పు’ అంది. వాళ్ల నాన్న చొక్కా గుండీ ఒకటి తప్పు రంధ్రంలో ఉందని అక్కడి నుంచే గమనించి చెప్పింది. నేను సరిచేస్తుంటే ఇద్దరూ నవ్వారు. ఆ పిల్ల పంపిన డబ్బులో ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ప్రేమకు తగిన సేవ ఆ డబ్బుకు అందలేదు, నా ఫిర్యాదు అంతవరకే.

ఈ వ్యాపారం చేసేవారికి ఒక మనవి. అలంకరణ, కేక్, ఫొటోలు ఏవీ లేకుండా గది, సినిమా, మూడు గంటల పూర్తి సమయం మాత్రమే ఇచ్చే ఎంపికను మొదటి పేజీలోనే, పూర్తి ధరతో పెట్టండి. వద్దనే మీట మీద వద్దు అని మాత్రమే రాయండి. బుకింగ్ ఫారంలో ఇంకొక్క గడి చేర్చండి: వచ్చేవారి గురించి మేము తెలుసుకోవలసినది ఏదైనా ఉందా అని. వినికిడి, చూపు, మెట్లెక్కలేకపోవడం, పొగ పడకపోవడం, ఏదైనా అక్కడ రాసుకోవచ్చు. సబ్‌టైటిల్స్ పెట్టిన ఆ అబ్బాయికి ఈ సంగతులు చెప్పనక్కర్లేదు, మిగతావారికి ఆయన చేతే నేర్పించండి. అలాంటి ఎంపిక వచ్చిన రోజున, మావారితో మొన్న చూడలేకపోయిన సినిమా చివరి భాగం కోసం మళ్లీ వస్తాను, శ్రావణంలో మా ఆడపడుచు పెళ్లిరోజుకు కూడా ఒక గది నేనే డబ్బు కట్టి బుక్ చేస్తాను.